చెంచిత నోట తరిగొండ మాట

మంగలి వచ్చి పంచలో కూర్చున్నాడు. పొది ఇంకా విప్పలేదు. లోపల ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. పోయిన చిన్నవాడి కోసం ఏడుస్తున్నారో, ఈ పిల్లకు జరగబోయేది తలచుకుని ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియని ఏడుపది.

"వెంగమ్మా, బయటికి రా తల్లీ. ఎంతసేపని అట్ల కూర్చుంటావు?" అని పెద్దావిడ పిలిచింది.

పిల్ల వచ్చింది. నుదుట బొట్టు అట్లాగే ఉంది. చేతులకు గాజులున్నాయి, తలలో పూలున్నాయి. గడప దగ్గర నిలబడి, తీయనని చెప్పింది. తన మొగుడు కొండ మీద ఉన్న వెంకటేశ్వరుడంది. ఆయనకు చావు లేదు కాబట్టి తనకు వైధవ్యమూ లేదంది. తండ్రి కృష్ణయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మంగలి పొది చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో, గుర్రంకొండ కోటకు దగ్గర్లో ఉన్న తరిగొండ అనే పల్లెలో జరిగిన సంగతిది. జనం నోట రెండున్నర శతాబ్దాలుగా నలుగుతున్న కథనే ఇక్కడ కళ్ళకు కట్టేట్టు చెబుతున్నాను. ఆ పిల్ల పేరు వెంగమాంబ. 1730లో కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు పుట్టింది. ఊహ సరిగా తెలియని వయసులో ఇంజేటి వెంకటాచలపతికిచ్చి పెళ్ళి చేశారు. కాపురానికి వెళ్ళే యోగం లేకుండానే అతను పోయాడు. తరిగొండ నిన్నటిదాకా చిత్తూరు జిల్లా, 2022 నుంచి అన్నమయ్య జిల్లా. ఆ రోజుల్లో గుర్రంకొండ కోట హైదరాలీ చేతికీ మరాఠాల చేతికీ మారుతూ ఉండేది. కోటల కోసం మగవాళ్ళు కొట్టుకుంటున్న ఆ సీమలో ఒక ఆడపిల్ల తన తల వెంట్రుకల కోసం ఒంటరిగా నిలబడింది.

నేనూ ఈ జిల్లా పల్లెలోనే పెరిగాను. మా వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. ఆఖరి రోజు ఊరి బయట మట్టితో దుర్యోధనుడి బొమ్మను పొడుగ్గా పడుకోబెడతారు. భీముడు తొడ మీద గద వేశాక ద్రౌపది వచ్చి జుట్టు ముడి వేసుకుంటుంది. అన్ని రోజులూ విరబోసుకున్న జుట్టు అది. ఆ క్షణంలో నా పక్కన కూర్చున్న మా అమ్మమ్మ, ఆమె పక్కన కూర్చున్న చాకలి ఎల్లమ్మవ్వ ఒక్కసారిగా ఊపిరి వదలడం నాకు గుర్తుంది. వాళ్ళిద్దరికీ చదువు లేదు. భారతం మొత్తం పాటలో, దరువులో విని నేర్చుకున్నవాళ్ళే. వెంగమాంబ కథ రాయాలనుకున్నప్పుడు నాకు మొదట ఆ ఊపిరే వినిపించింది. మా సీమ ఆడవాళ్ళకు ధైర్యం గురించి చెప్పాల్సినదేదైనా ఉంటే, అది పాటలోనే చెప్పాలి. ఆ సంగతి వెంగమాంబకు బాగా తెలుసు.

తరిగొండ అనే పేరు వెనుక కూడా ఒక ఆడమనిషే ఉంది. ఒక ఇల్లాలు పెరుగు చిలుకుతుంటే కవ్వానికి ఏదో తగిలిందట. చెయ్యి పెట్టి తీస్తే లక్ష్మీనరసింహస్వామి శిలగా దొరికాడట. 'తరి' అంటే చిలకడం. తరికుండ కాస్తా తరిగొండ అయింది. ఊళ్ళోని నరసింహస్వామి గుడి కథ ఇదే. రోజూ తెల్లవారుజామున ఇంటింటా కవ్వం చప్పుడు వినిపించే పల్లె అది. ఆ చప్పుడుకు పాట కలపని ఆడది ఉంటుందా? తాళం ఆ పిల్లకు తొలుత అక్కడే దొరికి ఉంటుంది.

చదువు సంగతి ఆమే చెప్పుకుంది. వెంకటాచల మాహాత్మ్యం అవతారికలో, తాను చిన్నప్పుడు గురువుల దగ్గర ఓనమాలైనా నేర్చుకోలేదని, తన చేత పలికించింది తరిగొండ నరసింహుడేనని అంటుంది. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుడి దగ్గర ఉపదేశం పొందింది, యోగం అభ్యసించింది. పద్యం, ద్విపద, దరువు మాత్రం చెవితోనే పట్టుకుంది. ఒక మనిషి చెవితోనే ఇంత సాహిత్యం సంపాదించగలిగిందంటే ఆ రోజుల్లో పల్లెల్లో పాట ఎంత నిండుగా పారేదో ఆలోచించండి.

మొదట తరిగొండ నృసింహ శతకం రాసింది. ఆ తరువాత శివనాటకం, బాలకృష్ణ నాటకం, నృసింహ విలాస కథ, రాజయోగామృత సారం. ఇవన్నీ పుట్టిన ఊళ్ళో ఉండగానే. వితంతువు బొట్టు పెట్టుకుని, పూలు ముడుచుకుని, గుడి ముందు కూర్చుని పాటలు కట్టడం ఊరికి మింగుడు పడలేదు.

కడప దగ్గరి పుష్పగిరి పీఠాధిపతి ఊళ్ళోకి వచ్చినప్పుడు పెద్దలు ఫిర్యాదు చేశారు. ఆ ఘట్టాన్ని కథ చెప్పేవాళ్ళు ఇట్లా చెబుతారు.

స్వామి ఎత్తైన ఆసనం మీద కూర్చున్నాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. వెంగమాంబ వచ్చి నిలబడింది. దండం పెట్టలేదు.

"శాస్త్రం ప్రకారం జుట్టు తీయించుకోవాలి కదమ్మా" అన్నాడు స్వామి.

"తీస్తే మళ్ళీ మొలుస్తుంది కద స్వామీ. మొలవకుండా చేయగలిగితే తీయించండి" అంది.

"పీఠానికి నమస్కారం చేయకపోవడం ఏం పద్ధతి?"

"తమరు ఆసనం దిగండి. అప్పుడు చేస్తాను."

ఆయన దిగాడు. ఆమె ఖాళీ ఆసనానికి నమస్కరించింది. ఆసనం భగ్గున మండింది.

మంటను నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను మాత్రం దాని ముందు నడిచిన మాటల దగ్గరే ఆగుతాను. అందులో ప్రశ్న ఉంది, ఎదురు ప్రశ్న ఉంది, చివర ఎదుటివాడిని మెట్టు దింపే షరతు ఉంది. యక్షగానంలో నాయిక వాదానికి దిగినప్పుడు నడిచే సంవాద దరువు తీరు సరిగ్గా ఇదే. జనం ఆమె జీవితాన్ని గుర్తు పెట్టుకున్నది కూడా ఆమె రాసిన నాటకాల ఫక్కీలోనే.

గుడిలో ఆంజనేయస్వామి విగ్రహం వెనుక కూర్చుని ధ్యానం చేస్తుంటే అర్చకుడు చూసి కోప్పడ్డాడని, ఆ అవమానంతో ఊరు విడిచిందని చెబుతారు. ఇప్పుడు బస్సులో గంటల్లో చేరే దూరం. అప్పుడు ఒంటరి ఆడది పాలెగాళ్ళ సీమ దాటి, కనుమలు దాటి, శేషాచలం ఎక్కడం అంటే ఎంత గుండె కావాలి! కొండ మీద హథీరాంజీ మఠం మహంతు ఆత్మారాం దాసు ఆదరించాడు. తాళ్ళపాక వంశం వాళ్ళు ఉండడానికి చోటిచ్చారు.

ఈ చోటు సంగతి కాస్త నిలిచి చెప్పాలి. తాళ్ళపాక వారి ఇల్లంటే తెలుగు పాట పుట్టిల్లు. అన్నమాచార్యుడు వెళ్ళిపోయింది 1503లో. ఆయన భార్య తిమ్మక్క మనకు తెలిసిన తొలి తెలుగు కవయిత్రుల్లో ఒకరు. ఆమె ద్విపదలో రాసినది సుభద్రా కల్యాణం, మనసిచ్చినవాణ్ణే పెళ్ళాడిన ఆడపిల్ల కథ. భర్త వేల సంకీర్తనలు కడుతుంటే, భార్య ఆ పాట మధ్యే కూర్చుని ఒక నాయికను తీర్చిదిద్దింది. అదే వంశం నీడలోకి దాదాపు మూడు శతాబ్దాల తరువాత మన తరిగొండ అమ్మాయి వచ్చి చేరింది. రోజూ రాత్రి ఏకాంత సేవలో స్వామికి తాళ్ళపాక వారి లాలి. అది వింటూ నిద్రపోయిన మనిషి ఏం రాస్తుంది? పాటే రాస్తుంది.

కొండ మీద కూడా బతుకు సాఫీగా సాగలేదు. పక్కింటాయన ఎంగిలి విస్తళ్ళు ఆమె ఇంటి వైపు విసిరేవాడని, ఆ పోరు పడలేక తుంబురుకోనకు వెళ్ళిపోయి ఏళ్ళ తరబడి తపస్సు చేసిందని కథ. తుంబురుడు దేవగాయకుడు. ఆయన పేరున్న తీర్థం చుట్టూ ఎత్తైన కొండచరియలు, వాటి మధ్య సన్నని దారి, కింద నీళ్ళు. గొంతెత్తితే మాట తిరిగి మన దగ్గరికే వచ్చే చోటు. పాట కట్టే మనిషికి ఊరు కాదన్నా కోన కాదనలేదు.

ఇక ఆమె రాసిన ఆడవాళ్ళ దగ్గరికి వస్తాను. ఈ వ్యాసం రాసిందే వాళ్ళ కోసం.

అప్పటికి తెలుగులో నవల లేదు. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము వెలువడింది 1878లో, వెంగమాంబ పోయిన అరవై ఏళ్ళకు. పాత్రలు, మాటలు, మలుపులు ఉన్న కథను జనంలోకి పంపాలంటే ఆనాడు ఉన్న బండి యక్షగానం. ఆమె దాన్నే ఎక్కింది. తిరుమలలో చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, విష్ణు పారిజాతం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం రాసింది. ఆ పేర్లు వరసగా ఒకసారి చదవండి. అడవి పిల్ల, అన్న మాట కాదని ఉత్తరం పంపిన రాకుమారి, మజ్జిగమ్మే గొల్లది, పువ్వు కోసం మొగుణ్ణి నిలదీసిన సత్యభామ. ఆఖరికి మోక్షాన్ని కూడా ఆమె ఒక కాంతగానే చూసింది.

రుక్మిణినే తీసుకోండి. అన్న ఒక సంబంధం ఖాయం చేశాడు. పిల్ల ఒప్పుకోలేదు. నమ్మిన బ్రాహ్మణుణ్ణి ద్వారకకు పంపి, నువ్వే వచ్చి తీసుకుపో అని కృష్ణుడికి కబురు పెట్టింది. తెలుగువాళ్ళందరికీ పోతన పుణ్యమా అని తెలిసిన కథే. కానీ రాస్తున్నది ఎవరు? ఎవరికి ఇస్తున్నారో తెలియని వయసులో తాళి కట్టించుకుని, అది తెంపాల్సిందేనని ఊరు పట్టుబడితే వినని మనిషి. తనకు దక్కని ఎంపికను ఆమె రుక్మిణి చేత చేయించింది. ఈ మాట నేను ఊహించి అంటున్నదే, కానీ నాకు ఇందులో అనుమానం లేదు.

చెంచు నాటకం ఇంకా లోతైనది. అహోబిలం అడవుల్లో చెంచుల ఆడపిల్లను నరసింహస్వామి వలచి పెళ్ళాడిన కథ అది. ఇప్పటికీ కనుమ నాడు అహోబిలం నుంచి స్వామి పార్వేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా పల్లె పల్లె తిరుగుతాడు. చెంచులకు ఆయన అల్లుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన గోళ్ళతో అడవిలో ఒక పిల్ల ముందు నిలబడితే, ఆ పిల్ల భయపడక ఎవరు నువ్వని అడిగిందట. మరో పక్క ఆదిలక్ష్మి అలుక. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య దేవుడు తల వంచుకోవాల్సి వచ్చే కథను జనం ఎంత ఇష్టంగా చూస్తారో వీధినాటకం చూసినవాళ్ళకు తెలుసు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. తరిగొండ వెంగమాంబకు చిన్ననాటి దేవుడు నరసింహుడే. నోరు విప్పి తొలి శతకం చెప్పింది ఆయన మీదే. అటువంటి స్వామి ఒక అడవి పిల్ల వెంటపడే కథను ఎంచుకుంది. కులం లేదు, శాస్త్రం లేదు, ముహూర్తం లేదు. చెంచితకు అడవి ఉంది, విల్లు ఉంది, తన మాట తనకుంది. బొట్టు చెరపనని గడప దగ్గర నిలబడ్డ పిల్లకు, ఎవరు నువ్వని దేవుణ్ణే అడిగిన చెంచితకు చుట్టరికం ఉంది.

యక్షగానం చూడనివాళ్ళకు ఆ నాయిక రంగం మీదికి వచ్చే తీరు చెప్పాలి. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని తెర నిలుపుతారు. ముందు మద్దెల, తాళం. తరువాత తెర వెనక నుంచి గొంతు. ముఖం ఇంకా కనపడదు. తెర కింద గజ్జె కట్టిన పాదం ఒకటి మెల్లగా నేలను తాకుతుంది. ప్రవేశ దరువు నడుస్తుంది. తానెవరో, ఏ ఊరిదో, ఎంతటిదో తన పాటలోనే చెప్పుకుంటుంది. అప్పుడు తెర దించుతారు. అంటే, చూపు పడడానికి ముందే ఆమె మాట పడుతుంది. ఆడదాన్ని ముఖం చూసి లెక్కకట్టే లోకంలో ఇది చిన్న సంగతి కాదు. పద్యకావ్యంలో కవి నాయికను వర్ణిస్తాడు. యక్షగానంలో నాయిక తనను తానే చెప్పుకుంటుంది. వెంగమాంబకు ఈ ప్రక్రియ నచ్చడానికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. ద్విపదలో కథ నడుస్తుంది, దరువులో మనిషి నడుస్తుంది. కోపం వస్తే తాళం మారుతుంది, మనసు కరిగితే రాగం మారుతుంది. పాట లేకపోతే ఆ చెంచితకు, ఆ గొల్లభామకు అంత జీవం వచ్చేది కాదు.

సరిగ్గా ఆ కాలంలోనే తంజావూరులో ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. ఆమె రాజసభలోని భోగం మనిషి, ఈమె కొండ మీది యోగిని. ఇద్దరూ ఆడవాళ్ళ మనసుకు నోరిచ్చారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని కావ్యాన్ని అచ్చు వేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఆ రగడ వల్ల ముద్దుపళని పేరు అందరికీ తెలిసింది. వెంగమాంబ పుస్తకాలను ఎవరూ నిషేధించలేదు. పూజ గదిలో పెట్టి దండం పెట్టారు. మన ఆడవాళ్ళ సాహిత్యానికి ఈ రెండో గతి కూడా తక్కువ నష్టం చేయలేదని నాకు అనిపిస్తుంది.

రథం కథ ఒకటి చెప్పకపోతే కొండ మీది పెద్దలు ఒప్పుకోరు. ఆమె ఇచ్చే హారతిని ఒకసారి అర్చకులు వద్దన్నారట. స్వామి రథం ఆమె వాకిలి దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. వందల మంది తాళ్ళు పట్టి లాగినా కదల్లేదు. చివరికి ఎవరు కాదన్నారో వాళ్ళే వెళ్ళి బతిమాలారు. "అమ్మా, నువ్వొచ్చి హారతి ఇస్తే గానీ కదలడం లేదు." ఆమె వచ్చింది. హారతి ఇచ్చింది. రథం కదిలింది.

ఆనాటి నుంచి ఆ హారతికి శాశ్వతంగా చోటు దక్కిందంటారు. చోటు దక్కిన మాట మాత్రం నేటికీ కళ్ళెదుట ఉన్న నిజం. రాత్రి ఏకాంత సేవలో బంగారు మంచం మీద స్వామిని పవళింపజేస్తారు. పళ్ళెంలో ముత్యాలు పేర్చి ఉంటాయి. దీపం వెలుగులో అవి ఎర్రగా ఒక క్షణం, తెల్లగా ఒక క్షణం మెరుస్తాయి. తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అన్న మాట అట్లా పుట్టింది. లాలితో మొదలైన మన సీమ పాట హారతితో నిద్రపోతుంది. ఆ హారతి ఒక వితంతువు పేరు మీద నడుస్తోంది. శుభకార్యంలో ఎదురు రావద్దని ఏ మనిషిని అన్నారో ఆ మనిషి పేరుతోనే తిరుమలలో రోజు ముగుస్తుంది.

రాయడం ఆమె ఎక్కడా ఆపలేదు. వెంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, తత్త్వ కీర్తనలు, అష్టాంగ యోగసారం వచ్చాయి. వచ్చిన యాత్రికులకు అన్నం పెట్టింది. 1817లో, ఈశ్వర నామ సంవత్సరం శ్రావణ శుద్ధ నవమి నాడు సమాధి చెందింది. అప్పటికి ఎనభై ఏడేళ్ళు. ఆర్కాటు నవాబు చేతిలో నుంచి తిరుమల వ్యవహారం 1801లో కుంపినీ చేతికి పోవడం కూడా ఆమె కళ్ళారా చూసే ఉంటుంది. దొరలు మారారు, హారతి మారలేదు.

ఈ రోజు తిరుమల వెళ్ళే ప్రతి తెలుగువాడికీ ఆమె పేరు తెలుసు. 2011లో తెరిచిన పెద్ద అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. వేడి అన్నం, సాంబారు తిని, చెయ్యి కడుక్కుని, బయట బోర్డు చదువుతాం. ఎస్వీ హైస్కూలు ఆవరణలో ఆమె సమాధి ఉన్న బృందావనం దగ్గరికి మాత్రం చాలా తక్కువ మంది వెళతారు. మొన్న నేను వెళ్ళినప్పుడు అక్కడ ఒక నడివయసు ఆమె ఒంటరిగా కూర్చుని కళ్ళు మూసుకుని ఏదో పాడుకుంటోంది. పాట అయ్యాక అడిగాను. పీలేరు వైపు మనిషట. "మా అవ్వ పాడేది సామీ. ఎవరిదో తెల్దు. ఈమెదే అనుకుంటా ఈడికొచ్చి పాడతా" అంది. ఎవరిదో నాకూ తెలియలేదు. అడవి, తేనె, చెంచుల ఆడబిడ్డ ఉన్న పాట.

టీటీడీ ఆమె గ్రంథాలను అచ్చు వేయించింది, ఏటా జయంతి, వర్ధంతి జరుపుతోంది, సాహిత్య సదస్సులు పెడుతోంది. మంచి పని. అయితే యక్షగానం చదువుకోవడానికి రాసింది కాదు, ఆడడానికి రాసింది. తిరుపతిలో సంగీత నృత్య కళాశాల ఉంది, మహిళా విశ్వవిద్యాలయం ఉంది, చిత్తూరు పల్లెల్లో వీధినాటకం ఆడే బృందాలు ఇంకా మిగిలే ఉన్నాయి. వచ్చే శ్రావణ శుద్ధ నవమికి వాళ్ళను ఒక్క చోటికి చేర్చండి. తరిగొండ గుడి ముందు తెర పట్టించండి. మద్దెల మోగించండి. చెంచితను తన దరువు తానే పాడుకుంటూ బయటికి రానివ్వండి.